పన్నెండు బేస్తవారాలు

ఎర్ర మందు నాలుగు తూర్లూ అయిపోయినాక
డాక్టరమ్మ కుర్చీ నా పక్కకి జరుపుకొనింది.
"ఇంగ రెండో మందు, ధనకోటమ్మా.
వారం వారం కొంచెం కొంచెంగా పన్నెండు తూర్లు ఎక్కించుకోవచ్చు,
లేదంటే మూడు వారాలకొగ తూరి, పెద్ద డోసు, నాలుగు తూర్లు.
నీ ఒంటికి నేనైతే వారం వారమే మేలంటా.
రెండు దార్లూ తెరిచే ఉండాయి.
నువ్వేమంటావు?"

నేనేమంటా.
ఇరవై రెండేండ్లు నగిరిలో
కరెంటు మగ్గం మీద లుంగీలు నేసినా.
పడుగు ఏ రంగెయ్యాలో
ఒగ దినమన్నా నన్నెవురూ అడగలా.
పెండ్లికి అడగలా, ఆపరేషనుకి అడగలా,
సంతకం మాత్రం నా చేతనే పెట్టించినారు.
ఇబ్బుడు ఈ రోగమొచ్చి
నన్ను పెద్దమనిషిని జేసి కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చి క్యాలెండరు దించినా.
వెనకాల, పాల లెక్క పక్కన, రాసినా:
తిరపతికి పొయ్యొచ్చేది పన్నెండు తూర్లు,
పుత్తూరు దాటినాక కడుపులో తిప్పేది పన్నెండు తూర్లు,
పోయే కూలి పన్నెండు దినాలు.
ఆ పక్క అన్నీ నాలుగే.
లెక్క జూస్తే నాలుగే గెలిచింది.
"నీ ఇష్టం మే" అన్నాడు గుణశేఖర.
ఇన్నేండ్లూ యాడ దాచిపెట్టినాడో ఆ మాటని.

వార్డులో నా పక్క మంచం రెడ్డెమ్మది చౌడేపల్లె.
మూడు వారాలదే తీసుకొనింది.
"రెండు బస్సులు మారాల నేను. ఇంట్లో రెండు సీమావులు,
వాటికి బేస్తవారమని తెలుస్తాదా?
మందు పడితే ఐదు దినాలు చాప మీదనుంచి లేయను.
ఆర్నాడు లేస్తా, పాలు పిండతా.
నీది నువ్వు జూసుకో, నా మాట ఇనొద్దు" అనింది
దానిమ్మ గింజలు నా చేతిలో పోస్తా.

డాక్టరమ్మ ఇంగొగటి గూడా చెప్పింది, దాచలా.
వేళ్ళ కొనలు తిమ్మిరెక్కొచ్చు, ఏ దారిన పోయినా.
వారం వారం దారిలో ఒగోరికి జాస్తి.
కొందరికి పోతాది, కొందరికి నిలిచిపోతాది.
"తెలిసిన దినమే చెప్పు, తగ్గిస్తాం" అనింది.

నా వేళ్ళు జూసుకున్నా.
నడిచే మగ్గంలో పోగు తెగితే
ముందు వీటికే తెలుస్తాది.
కండ్లు ఆనక చూస్తాయి.

మరి వారం వారమే ఎందుకు పెట్టుకున్నావంటే
అడిగినోళ్ళకంతా మగ్గం కతే చెప్తా:
తటాలున లాగితే పోగు తెగతాది,
నిదానంగా లాగితే నిలస్తాదని.
వినేదానికి బాగుంటాది.

నిజం అది కాదు.
ఎర్ర మందప్పుడు, మందుకీ మందుకీ నడాన
ఇరవై దినాలు దాంతో నేనొక్కదాన్నే కాపరం జేసినా.
రాత్రిళ్ళు చంకలో తడుముకోని
తగిలింది గడ్డా ఎముకా అని
ఎవుర్నీ లేపలేక.
ఇదైతే, వారానికొగ తూరి
ఎవురో ఒగరు నా రక్తం జూస్తారు,
నా పేరు బిగ్గరగా పిలుస్తారు,
నరం దొరక్క నర్సు విసుక్కుంటాది.
అంతే. ఎనిమిది దినాల కూలి ఎక్కువ బెట్టి
నేను కొనుక్కునింది అదే.

తిరపతి బస్టాండులో నా గుండు ఎవురికీ వింత కాదు.
"దర్శనం బాగా అయ్యిందా అక్కా" అన్నాడు కండక్టరు.
"అయ్యిందిబ్బా" అన్నా.
నాలుగో వారం "మళ్ళీనా?" అన్నాడు.
"మొక్కు పెద్దది" అన్నా.
టికెట్టు చించిస్తా నా మొకం జూసినాడు,
కిటికీ పక్క సీటు ఖాళీ చేయించినాడు.
ఆ దినాన్నుంచి దర్శనం మాటెత్తలా.

బుధవారం రాత్రి లైటార్పినాక
తలగడ కిందుండే రెండు పోగులు తీసి
చీకట్లో ముడేస్తా.
ఆరు వారాలు మొదటి తూరికే పడింది.
ఏడో వారం జారింది.
మళ్ళా వేసినా, పడింది.
తెల్లార్తో పోయి డాక్టరమ్మకి రెండూ చెప్పాల,
జారిందనీ
పడిందనీ.