ఎండ్రకాయ లెక్క

ఏడాదికి నాలుగు దినాలు పారితే గొప్ప,
మిగిలిన దినాలు మా వంక ఇసుక కప్పుకొని పండుకుంటుంది.
కళ్యాణదుర్గం బస్సులోంచి చూసినోళ్లు
అది బండ్ల బాట అనుకుంటారు.
పారిన రాత్రి మటుకు
ఇసుకలోంచే కప్పలు లేచి అరుస్తాయి.

తిప్పక్కకు తెలుసు.
కానుగ వేర్ల కింద ఎండ్రకాయ బొక్కలోకి
జొన్నదంటు దూర్చి తీస్తుంది,
తడి ఎంతవరకు అంటిందో వేళ్లతో కొలుస్తుంది.
"మాఘానికి జానెడు. చైత్రానికి మూరెడు.
వాడు దిగినంత మనమూ దిగితే నీళ్లే."
అరచేతిలో టెంకాయ నిలబెట్టి బోరు పాయింటు చూపే సుంకన్న కూడా
ఆ దంటు వైపు ఓరకంట చూసి పోతాడు.

గులకరాళ్లలో నాలుగు రాళ్లు వెచ్చగా ఉన్నాయి:
తీతువు గుడ్లు.
ఎండ ముదిరితే తల్లి కడుపు తడుపుకొచ్చి వాటిమీద కూర్చుంటుంది.
తడుపుకొనేది మా చెలమలోనే.
అందుకే తిప్పక్క కడవ నింపుకొని
చెలమకు ముళ్లకంప అడ్డం పెట్టదు.

మొన్న రాత్రి ట్రాక్టర్లు వచ్చి పోయినాయి.
కానుగ వేర్లు గాలిలో వేలాడుతున్నాయి.
తిప్పక్క కొత్త గుంతలోకి దిగి, వెతికి వెతికి
ఒక బొక్క దగ్గర కూర్చుంది. దంటు దూర్చింది.
పొడిగా వచ్చింది.

ఇంకో దంటు ముడేసి
మళ్లీ దూర్చింది.