మీటరు పెట్టె వెనక

ఏకాంబరకుప్పంలో మా షెడ్డు.
పన్నెండు మగ్గాలు, సరిగ్గా వెలిగే ట్యూబులైటు ఒకటి.
దీపావళికి ముందరి వాన వెలిసిన రాత్రి
కొండవైపు కిటికీలోంచి
పసుప్పచ్చ రెక్కల పురుగులు వచ్చి
ఆ ఒక్క లైటునీ పెండ్లిపందిరి చేసుకున్నాయి.

నేను కండెలు చుడతా. పేరు దేశమ్మ,
మా ఊరి అమ్మవారి పేరే.

పురుగు కుట్టదు, కరవదు.
దాని ఒంటి నూగు మాత్రం గాలిలో నిలిచి
పడుగు మీద, చెమట పట్టిన మెడల మీద,
మూత మరిచిన సద్దిగిన్నె మీద
నిదానంగా దిగుతుంది.
తెల్లారేసరికి అందరికీ
చెనిగింజలంత దద్దుర్లు.

అమ్మవారు పోసిందన్నారు. వేపాకు తెచ్చినారు.
నా పేరు గుర్తొచ్చి నన్నే ఎగాదిగా చూసినారు.
సెల్వి బిడ్డ పాలు తాగనని ఏడ్చింది,
తల్లి రొమ్ము మీది నూగు పెదాలకి అంటి.
అప్పటికి గాని ఎవరూ
తలెత్తి లైటుకేసి చూడలేదు.

మెకానిక్ కన్నియప్ప
నల్ల ఇన్సులేషన్ టేపు తుంచి
నా ముంజేతికి అతికించి
"కండ్లు మూసుకోమే" అని
ఒక్క లాగు లాగినాడు.
టేపుని వెలుతురుకి పట్టి చూసినాము ఇద్దరమూ.
"ఇదేం కౌంటు నూలే, దేశమ్మా?"
నవ్వొచ్చింది నాకు, గోక్కుంటానే.

ఈరోడు నుంచి లుంగీల లోడు వాపసొచ్చింది.
కట్టుకున్నోళ్ళకి తొడలు మండినాయంట.
ఓనరు ఫోనులో బతిమాలి, ఫోను పెట్టి మా మీద అరిచి,
కిరసనాయిలు డబ్బా, గీకుడు కత్తి నా చేతికిచ్చినాడు.
గోడ మీద గుడ్లు ఒక్కటి మిగలగూడదు.

ముక్కుకి తడిగుడ్డ కట్టి నిచ్చెనెక్కినా.
గుడ్లంటే గుడ్లేమీ కనపళ్ళే.
రూపాయి బిళ్ళంత దుప్పటి ముక్కలు,
పసుప్పచ్చవి, సున్నానికి అతుక్కోని.
కత్తి ఆనించినాక చూసినా
పక్కనే తల్లి.
తోక దగ్గర బోసి.
తన ఒంటి నూగు తానే రాల్చి
పిల్లలకి కప్పి
అట్నే ఎండిపోయింది.

పద్నాలుగేండ్లు నాకీ షెడ్డులో.
నా బిడ్డ ఒంటి మీద ఈ మగ్గాల గుడ్డ ఒక మూర పడలేదు.
లోపం పడిన తుంటల్ని కూడా తూకానికి అమ్ముతారు ఓనరు.

గీకినా. ఎన్నో లెక్క పెట్టలే.
డబ్బాలో పడినవి మునగకుండా తేలినాయి చానాసేపు.

మీటరు పెట్టె వెనక ఇంకొకటి ఉండాది.
అది చూస్తా ఉండగానే కరెంటు పోయింది.
మగ్గాలన్నీ ఒక్క దెబ్బకి నోరు మూసినాయి.
చీకట్లో ఎక్కడో
రెక్క ఒకటి రేకుకి తగులుతా, తగులుతా.

దిగొచ్చి
"అయిపోయినాయి" అన్నా.

మంచి చేసినానని చెప్పను.
వచ్చే వానకి ముందుగా
నా మెడ మీదికే వస్తాయి అవి, తెలుసు.
మోచేతి మడతలో ఇప్పుడు కూడా రవ్వంత నవ.
గోకితే ఎక్కువవుతుంది.
గోకకుంటే నిద్ర పట్టదు.