ముక్కు బరువు

రేణిగుంటలో సాయంత్రం పంకాల విమానం.
లోడ్ షీటు మీద పెన్సిల్ ఆపి
వెనక వరుసల్లోని ఆరు గుండ్లను
ముందుకు రమ్మన్నాడు చెంగల్రాయులు.
"యాడ కూచుంటే ఏం నాయనా?"
ఒళ్లో లడ్డూ సంచితో అవ్వ.

ముక్కు రవంత బరువుండాల.
గాలి తలెత్తించినా
తనంతట తానే దించుకుంటాది.
తోక మోస్తాదనుకుంటాం గానీ
అది కిందికే నొక్కుతాది,
ముక్కు వాలిపోకుండా.

ఇదంతా చెప్పలేదు.
"కొంచెం మారమ్మా" అన్నాడు, అంతే.

కరకంబాడి కొండల మీద ఒక కుదుపు.
అప్పటికే ట్రిమ్ సరిచేసి
చేతులు వదిలేసింది పైలట్.
ముక్కు లేచింది, దిగింది,
మళ్లా రవంత లేచి
నిలిచింది.
అవ్వకు మెలకువ రాలేదు.

కింద, స్టాండులో,
స్కూటరు వెనక తవుడు బస్తా కట్టి
ముందు చక్రం వంక
అనుమానంగా చూస్తున్నాడు చెంగల్రాయులు.