రేపటి క్లాసుకు

దేవరకొండ కాలేజీల అటెండర్‌ను.
పాఠం చెప్పుడు నాకు రాదు,
పాఠానికి మొక్కలు తెచ్చుడు వస్తది.

రెండు వానలు పడ్డంక
ఖిల్లా కింద కూలిన మోటబావిలకు దిగుత.
మెట్లు పదకొండే మిగిలినయి.
పన్నెండోదాని మీద కాలు పెట్టొద్దని
నా మోకాలుకు ఎరుక.

రాయి మొఖం మీద మాసు,
రాయి సందుల ఫెర్ను.
నడుమ జానెడు దూరం,
బతుకు తీరే వేరు.

మాసుల మనం పచ్చగ చూసేదంతా తల్లి తరమే.
పిల్ల దాని నెత్తిమీదనే పుడ్తది.
సన్నటి కాడ, కొసకు ఆవగింజంత గుళిక,
గుళిక మీద టోపీ.
ఆ టోపీ గూడ తల్లి ఒంటిది చినిగిందే.
పిల్ల వేరు పెట్టదు, వేరు పడదు.
తల్లిని ఇడువకుంటనే ఎండి
మూత తెరిచి
దుమ్మంత ఊదేసి పోతది.

ఫెర్నుది ఉల్టా.
కోసుకొచ్చే ఈ పెద్దాకుల మొక్కనే పిల్ల.
ఆకు ఎనుక గోధుమరంగు చుక్కలు,
అవి చీడ గాదు బిడ్డా, గీకకుర్రి అని
ఏటా ఒకరికన్న చెప్పాలె.
చుక్క పగిలి రాలిన దుమ్ములకెల్లి
లేచేది మళ్ల ఫెర్ను గాదు,
చిటికెనవేలి గోరంత, తమలపాకు తీరు,
ఎలుతురు అవుతల పడేంత పలచటి పొర.
ఎవ్వరి ఆసరా లేదు, ఒక్కతే బతుకుతది.
దాన్ని ఇరవై ఆరేండ్లల మూడుసార్లే చూసిన.
మూడోసారి
దాని కిందికెల్లి చుట్ట చుట్టుకున్న ఆకొకటి
తల ఎత్తుతున్నది.
ఇది వేరు పెట్టింది. వేరు పడ్డది.

"ఆ పొర తర్వాత ఏమైతది మేడం?"
నిరుడు సబావత్ మంగ్తి అడిగింది.
మేడం బోర్డు మీద రాసింది: క్షీణించును.
అందరు రాసుకున్నరు.
మంగ్తి పెన్ను మూత పెట్టింది, తీసింది,
పెట్టింది,
బెల్లు కొట్టేదాక.

రేపు స్లిప్ టెస్టుల భేదాలు అడుగుతరు.
నడుమ గీత గీసి ఇటు నాలుగు, అటు నాలుగు.
ఇది మటుకు ఎవ్వరూ అడుగరు:
రెండింటికి పెండ్లి కావాలంటె నీళ్లే తొవ్వ.
మగకణం ఈదుకుంట పోవాలె.
ఒక్క బొట్టు చాలు, మంచుదైన సరే.
బొట్టు లేని ఏడు
ఇద్దరూ ఒక్క రాయి మీదనే ఉండి
కలువకుంటనే పోతరు.
నల్లా వారానికొకపారి వచ్చే గల్లీల ఉండేటోన్ని,
దీనికి నాకు పుస్తకం అక్కర లేదు.

సొరుగుల నిరుటి మాసు పొట్లం దొరికింది,
నస్యం లెక్క ఎండి.
పారేద్దామని సింకు కాడికి పోయి
ఏమనిపించిందో
డ్రాపరుతోని ఒక బొట్టు వేసిన.

ముందు ఏం కాలే.
తర్వాత ముడుచుకున్న ఆకొకటి
నిద్రల కాలు చాపినట్టు కదిలింది.
బూడిద రంగు కింద ఎక్కడ్నో
పచ్చగున్నట్టే ఉన్నది,
ట్యూబులైటు వెలుగుల సక్కగ తెలుస్తలేదు.

తాళంచెవి జేబుల ఉన్నది.
ఆఖరి బస్సు తొమ్మిదింటికి.
స్టూలు గుంజుకొని
ఇంకో బొట్టు వేసిన.