రంగు ఊరికే పోదు

కళ్యాణదుర్గం బస్టాండు ఎనక సందులో
మిక్సీలు రిపేరు చేసే బల్లమీద
రాత్రి తొమ్మిది దాటినాక
నా అరచేతంత ట్యాంకు నిలబడుతుంది.

మొదట ఒళ్లంతా తుప్పు రంగు.
అది ఆరినాక నీళ్లు చిలకరించి
ఉప్పు నలిపి చల్లుతా.
ఉప్పు మీద ఆకుపచ్చ.
మళ్లీ ఆరనిచ్చి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే
ఉప్పు రాలిన చోటల్లా
లోపలి తుప్పు కండ్లు తెరుస్తుంది.

"కొత్తది తెచ్చి పాతది చేసేకి ఇంత కష్టమా?"
టీ గ్లాసులు ఏరుకుంటా సుంకమ్మ.

మాబు వచ్చినాడు.
బోరుబండి మీద పద్దెనిమిదేండ్లు,
రాడ్లు మోసి ఒక భుజం కిందికి దిగినోడు.
ట్యూబులైటు కిందికి ఎత్తి చూసి అన్నాడు:
"ఇదేందిబ్బా, అమ్మవారు పోసినట్టుంది.
రంగు ఊరికే పోదు.
ఎక్కేటోని కాలు యాడ పడుతుందో ఆడ పోతుంది.
చెయ్యి యాడ పట్టుకుంటుందో ఆడ పోతుంది.
నీ ట్యాంకులోకి మనిషే ఎక్కలేదు."

తెల్లారి కుందుర్పి రోడ్డులో
వాళ్ల బండి చుట్టూ మూడుసార్లు తిరిగినా.
మెట్టు మీద పసుపు రంగు లేదు, వట్టి ఇనుము.
తలుపు పిడి కింద నాలుగువేళ్ల వెడల్పు మెరుపు.
రాడ్లు దొర్లేచోట గీతలన్నీ ఒకే దిక్కు.
బోల్టు కింద కారిన తుప్పు చాలా పొట్టి,
ఇక్కడి వానంత.
ఎవరి చెయ్యీ అందని మూల మాత్రం
పసుపు ఇంకా కొత్తగా, సిగ్గు లేకుండా.

ఆరువందల అడుగుల కాడినుంచి ఎగిరిన పొడి
గుప్పెడు పొట్లం కట్టుకున్నా.
నీళ్లు పడినాయా అని అడగలేదు.
పొడి చేతికి అంటలేదు.

ఆ రాత్రి అంతా గీకేసి మళ్లీ మొదలు.
ఈసారి ఉప్పు చల్లలేదు, పెట్టినా.
అగ్గిపుల్ల కొనతో ఒక్కో కల్లు,
ఒక మనిషిని అనుకోని:
ఎడమకాలు ముందేసేటోడు,
ఉంగరమున్న చెయ్యి,
మూత ఎప్పుడూ దబ్బుమని ఏసేటోడు.
అంచులకు పెన్సిలు మొన.
చక్రాలకు బోరు పొడి, పాత పంచెలో జల్లించి.

ఎక్కినాడు ఎవడో.
దిగినాడో లేదో చెప్పే రంగు
నా డబ్బాల్లో లేదు.

మాబు చూసి ఈసారి ఏమీ అనలేదు.
చానాసేపు పట్టుకున్నాడు. పక్కన ఇంకా తడి,
బొటనవేలి అచ్చు దిగింది,
ఆ బండి కొలతకు ఏనుగు పాదం.
"అయ్యో, తుడిచేయ్‌బ్బా."

గుడ్డ నా భుజం మీదే ఉంది.
రేప్పొద్దున ఇయ్యాల్సిన మిక్సీ ఒకటి
విప్పుతా కూచున్నా.