తరుగు

రేవు కాటా దగ్గర నా కొలువు.
ఇరవై రెండేళ్లుగా ఈ ఫియర్డులో దిగిన ప్రతి కాడ్ చేపా
నా కిటికీ ముందు నుంచే లోకంలోకి పోయింది.
టబ్బు బరువు తీసెయ్, మంచు బరువు తీసెయ్,
మిగిలిందే చేప.
రాసి, ముద్ర కొట్టి, చీటీ చేతికిస్తాను.
పడవ ఆస్‌వాల్దుర్ ప్రతిసారీ కిటికీ మీద మోచెయ్యి ఆనిస్తాడు:
"సాల్వోర్, ఇంకో రెండు శాతం మంచు రాయరాదూ,
నా కోటా కాస్త మిగుల్తుంది."
రాయను.
కాటాకి మొహమాటం తెలీదు.

గొర్రెలు కొండ దిగే సెప్టెంబరులో
నా మోకాలు పట్టుకుని, మొహం చూడకుండా, నర్సు అంది:
తగ్గాలి.
ఆ రాత్రే రై రొట్టె కట్ట విప్పి సముద్రపు కాకులకు వేశాను.
బంగాళాదుంపల బస్తా పక్కింటికి పోయింది.
ఇక వెన్న. చేప. గుడ్డు. గొర్రె కొవ్వు. మళ్లీ వెన్న.
నోట్లో పాత తాళంచెవి చప్పరించిన రుచి.
"వెన్న తింటే మనిషి వెన్నలా కరుగుతుందా?"
ఫోన్లో మా చెల్లెలి నవ్వు.

కరిగాను! పది రోజుల్లో నాలుగు కిలోలు.
రేవంతా వినేలా చెప్పుకున్నాను.
నాకైనా తెలియొద్దూ,
ఇన్నేళ్లు తూచినదాన్ని,
అది మంచు.
చేప కాదు.

తర్వాత తొంభై ఒకటీ నాలుగు.
నవంబరులో తొంభై ఒకటీ నాలుగు.
సూర్యుడు కొండ వెనక్కి వెళ్లి రావడం మానేసిన రోజున కూడా
తొంభై ఒకటీ నాలుగే.
ఒక ఉదయం ఆరు చూపించి, ఏడిపించి,
మర్నాడు మళ్లీ నాలుగు.
బాదం గింజలు లెక్కపెట్టి తిన్నాను. మీగడ గ్రాముల్లో తూచాను.
ఎవరైనా నాకూ ఓ రెండు శాతం మంచు రాస్తే బాగుండును
అనుకున్న మధ్యాహ్నాలున్నాయి.

జనవరి చివర ఎండ తిరిగొచ్చింది, వీధి చివర ఒక చెంచాడు.
అందరూ ఎండకి స్వాగతంగా అట్లు పోసుకున్నారు.
నేను కాఫీలో వెన్న వేసుకుని, గోడకానుకుని,
మొహం మాత్రం ఎండకిచ్చాను.

బన్నుల సోమవారం నాడు
కాటా గదిలోకి పెట్టెడు మీగడ బన్నులొచ్చాయి.
నేను బన్ను మూత ఎత్తి, చెంచాతో మీగడ తోడుకున్నాను.
లారీ తోలే జెనాన్, పోలెండ్ మనిషి, కాసేపు చూసి,
ఏమీ అడక్కుండా
ఖాళీ బన్ను తీసుకుని తిన్నాడు.
అలా ఇద్దరం కలిసి నాలుగు పూర్తి చేశాం.

ఆ రాత్రే, లారీలన్నీ పోయాక,
అరవై టన్నుల కాటా మీదికి నేనే నడిచాను.
అది ఇరవై కిలోల అంగల్లో తప్ప నడవదు.
ఎర్ర అంకెలు ఆలోచించి, నూరు అన్నాయి.
నూరు!
లేని కిలోలు ఎనిమిదిన్నర నా నెత్తిన పెట్టి
ఉలకదు, పలకదు.
ఆస్‌వాల్దుర్ ముఖం మొదటిసారి నాకు సరిగ్గా కనిపించింది.

మార్చి. తొంభై ఒకటి.
ఓవరాల్ పట్టీకి కొత్త చిల్లు, మేకు కాల్చి నేనే పొడిచాను.
బాత్రూమ్ తూకానికి ఆ చిల్లు సంగతి తెలీదు.

ఏప్రిల్లో ఓ సాయంత్రం మళ్లీ వెళ్లి నిలబడ్డాను.
నూరు.
ఎనభై.
నూరు.
జేబులోంచి తాళాల గుత్తి తీసి గట్టు మీద పెట్టాను.
బూట్లు విప్పాను. ఇనుము పాదాలను కరిచింది.
ఎనభై.
ఊపిరి కూడా బరువేమోనని బిగపట్టి చూస్తుంటే
ఫియర్డు మీంచి గాలి కొట్టింది,
నూరు.

చీటీ కొట్టలేదు.
స్థిరపడని అంకె మీద ముద్ర వెయ్యకూడదు, అది రూలు.
బూట్లు తొడుక్కుని, తాళాలు తీసుకుని,
దీపం ఆర్పడానికి గదికి ఎక్కాను.
పదకొండు మెట్లు.
మూడో మెట్టు దగ్గరే పలకరించే మోకాలు
ఆ రోజు
ఎనిమిదో మెట్టు దాకా గుర్తు రాలేదు.