ఎవులేకేరు

పొందూరు దాటాక రెండో మలుపు.
సంచిలో భూతద్దం, మూడు గాజు సీసాలు,
పురుగుల లెక్క రాసే పసుపు అట్ట పుస్తకం.
కార్తీకం వెళ్ళి నాలుగు రోజులు,
గట్ల మీద కంది పూతకొచ్చింది.

దాహానికి ఆగాను
అసిరమ్మ అరుగు మీద.
చెంబెత్తి తాగుతుంటే గోడ మీద కనబడింది:
ఎవరో బొగ్గుతో గీసి
చెరపడం మరిచిన గీత,
దాని నెత్తిన ఒక అడ్డగీత.

చిటికెన గోరంత కూడా లేదు.
ఎండిన కంది తొక్క రంగు.
కాళ్ళు మాత్రం ఒంటికి మించిన పొడుగు,
దోమ దగ్గర అరువు తెచ్చుకున్నట్టు,
నడిమధ్యన ముళ్ళు.

"మేకనుకున్నాను బాబూ,
గొడుగు తగిలిద్దారని సెయ్యెత్తేను" అంది.

మేకే. నా పుస్తకమూ అదే అంటుంది:
ఏకై వస్తుంది, పూతకో గుడ్డు పెడుతుంది,
మేకై కాయలో దిగుతుంది.

సీసా మూత తీసి దగ్గరికెళ్ళాను.
గాలికో, నా నీడకో
చుట్టిన రెక్క విప్పింది.

ముందు రెక్క రెండు పాయలు.
వెనక రెక్క మూడు.
పాయపాయకీ నూగు అంచు.
రెక్క చేద్దామా ఈక చేద్దామా అని
తేల్చుకోకుండా వదిలేసిన పని.

అసిరమ్మ చేతిలో వాలుగ చేప దవడ ఆగింది.
ఒళ్ళో గింజ తియ్యని కొండపత్తి.
దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని
గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి
చాలాసేపు చూసి
"దీన్నెవులేకేరు?" అంది.

నా దగ్గర దానికి పేరుంది,
కుటుంబం ఉంది,
ఎకరానికి ఎంత నష్టమో ఉంది.
ఏకినవాళ్ళ పేరు లేదు.

"అరవయ్యేళ్ళు ఏకేను. ఈ సన్నం నాకు రానేదు.
ఏ సేప దవడో మరి!"
తన దవడ పళ్ళని రెక్క పక్కన పెట్టి పోల్చింది.
పళ్ళే మోటు.

"మా గట్టు మీద కంది తినేసేది ఇదేనేటి?"
"దీని పిల్లలు."
"ఓలమ్మా" అంది.
మెచ్చుకోలో తిట్టో తెలియలేదు.

ఉఫ్‌మని ఊదింది.
అరుగంతా లేచిన పత్తి నూగు.
అందులో ఏది పురుగు, ఏది పోగు?
సీసాకి ఖాళీగానే మూత పెట్టాను.
గడిలో మాత్రం రాశాను: ఒకటి.

రాత్రి ఆమదాలవలస గదిలో
చొక్కా విప్పుతుంటే మణికట్టు దగ్గర
సన్నగా, నూగుగా ఏదో.
దీపం కిందికి తెచ్చి ఊదాను.

దూది.

మళ్ళీ ఊదాను.